కరుణమ్మ గారి రెండు ఫ్లెక్సీలు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నన్ను గోదావరి డెల్టాలో సముద్రం వైపున్న ఒక జిల్లా కార్యాలయానికి డెమోగా వేశారు. డెమో అంటే ఏదో ప్రదర్శన అనుకునేరు. వైద్య ఆరోగ్య శాఖలో ప్రచారం చూసే జిల్లా స్థాయి అధికారిని పొట్టిగా అలా పిలుస్తారు. జిల్లా వైద్యాధికారికి కింద, హెల్త్ ఎడ్యుకేటర్లకు పైన ఉండే కుర్చీ అది. డాక్టరు మందు రాస్తాడు, నర్సు ఇస్తుంది, ఆ మందు దాకా మనిషిని నడిపించుకొచ్చే పని మాది. రిటైర్మెంటు దగ్గర పడ్డాక కొవ్వూరులో ఇల్లు వదిలి ఈ బదిలీ ఏంటని మొదట విసుక్కున్నాను. కానీ నా ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న ముఖ్యమైన పాఠం ఆ ఆఖరి పోస్టింగులోనే దొరికింది. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను.

పోస్టరు సంగతి వచ్చేసరికి నాకు నోరు ఎక్కువ. మా అధికారులు పోస్టరంటే చదివేది అనుకుంటారు, చూసేది అని నేనంటాను. సెంటర్లో మోటారు సైకిలు మీద పోయే మనిషికి బోర్డు కనిపించేది రెండు మూడు క్షణాలే. ఆ కాస్తలో కన్ను ముందు మొహం మీదికి పోతుంది, తర్వాత రంగు మీదికి, ఓపికుంటే అక్షరాల మీదికి. అందుకని ఒక పోస్టరుకి ఒకే మొహం, ఒకే మాట ఉండాలి. పసుపు మీద నలుపు దూరానికి కనిపిస్తుంది, ఎరుపు మీద నీలం కనిపించదు. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య చోటు వదలాలి. ఇంగ్లీషు పోస్టరు కొలతల్లో తెలుగుని ఇరికిస్తే వత్తులన్నీ కింది వరస నెత్తినెక్కి కూర్చుంటాయి. ఇదంతా చెబితే అందరూ శ్రద్ధగా తలూపి, చివర్లో పైన పెద్దల ఫోటోలు గుండ్రంగా ఒక వరస వేయమంటారు. ఆ వరస పోయాక జబ్బుకి మిగిలే చోటు బెత్తెడు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. శిక్షణలో అందరికీ నేర్పుతారు, ఎవరూ చేయరు. అచ్చుకి ఇచ్చే ముందు నమూనా పట్టుకుని బయటికి వెళ్లి, అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టి, దారిన పోయేవాళ్లకి బొమ్మ మాత్రం చూపించాలి. ఇదెవరు, ఈవిడకి ఏమైంది, నిన్నేం చేయమంటోంది అని అడగాలి. దీన్ని ప్రీ-టెస్ట్ అంటారు. కన్సల్టెంట్లు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుంటారు గానీ కావలసింది ఒక అరచెయ్యి, కాస్త సిగ్గు విడవడం.

మార్చిలో టీబీ దినం వస్తుంది. జిల్లా టీబీ అధికారి, మా డాక్టరు గారు, మంచి మనిషి, కాస్త తొందర మనిషి. ఈసారి ఊపిరితిత్తుల బొమ్మలూ పుర్రెలూ వద్దని, జబ్బు నయమైన మనిషి మొహమే పెడదామని అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. అలా దొరికారు కరుణమ్మ గారు.

కరుణమ్మ గారు జాకెట్లు కుట్టేవారు. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లకి ఆవిడే టైలరు. ఆదివారం ఉదయం చర్చిలో పిల్లలకి సండే స్కూలు పాఠం చెప్పేవారు. టీబీ వచ్చినప్పుడు సండే స్కూలు వాళ్లు మర్యాదగా విశ్రాంతి తీసుకోమన్నారు, జాకెట్లు ఇచ్చేవాళ్లు ఆ మర్యాద కూడా లేకుండా మానేశారు. ఆరు నెలలు మందులు వాడి, ఆఖరి కఫం పరీక్షలో ఏమీ లేదని తేలాక కూడా ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చోవడానికి జనం జంకుతూనే ఉన్నారు. ఒక్కరొక్కరే మళ్లీ రావడం మొదలైన రోజుల్లో నేను వెళ్లి ఫోటో అడిగాను. వివరంగా చెప్పాను, ఇష్టం లేకపోతే వద్దనీ చెప్పాను. ఆవిడ ఆలోచించుకుని, "వేయండి. నా మొహం చూస్తే బాగైపోయానని తెలుస్తాది కదండీ. దాక్కుంటే ఇంకా దాస్తున్నాననుకుంటారు," అన్నారు.

ఫ్లెక్సీ పాలకొల్లులో వేయించాం. షాపు యజమాని రాంబాబు పనిమంతుడు, సరదా మనిషి. నేను ఉత్త పసుపు రంగు నేపథ్యం అడిగాను. "పంచాయతీ బోర్డులా ఉంటాదండి మేడం గారూ, ఆడమనిషి మొహం కదా, కొంచెం నిండుగా చేద్దాం," అని లేత నీలం ఆకాశం, మబ్బులు, మబ్బుల వెనక వెలుగు పెట్టాడు. మొహాన్ని కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి చుట్టూ తెల్లపూల అంచు వేశాడు. చికిత్స ఆరు నెలలేనని జనానికి తెలియాలని డాక్టరు గారు ఫోటో కింద ఎడమ పక్క చికిత్స మొదలైన తేదీ, కుడి పక్క ముగిసిన తేదీ ఉత్త అంకెల్లో వేయించారు. నెత్తిన మా కార్యక్రమం గుర్తు ఉంది. టీబీ నివారణకు ప్రపంచమంతటా వాడే గుర్తు అది, రెండు అడ్డగీతల ఎర్ర సిలువ. ఒక్కొక్కటీ విడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. మొహం పెద్దగా ఉంది, అక్షరాలు తక్కువ, వత్తులకు చోటుంది. వాట్సాప్‌లో నమూనా చూసి డాక్టరు గారు చాలా గౌరవంగా ఉందన్నారు. టీబీ దినం నెత్తి మీదికొచ్చేసింది, ప్రీ-టెస్ట్‌కి వ్యవధి లేదు. అచ్చయ్యాయి. సెంటర్లలో ఇనప చట్రాలుంటాయి కదా, పుట్టినరోజుకైనా చావుకైనా ఊరంతా ఫ్లెక్సీ కట్టేది వాటికే. మా సిబ్బంది కూడా అక్కడే కట్టారు.

డెల్టా పాఠకులకు ఈపాటికి సంగతి అర్థమై ఉంటుంది.

మర్నాడు నేను ఆఫీసులో ఉండగా ఫోను మోగింది. "మేడం గారూ, నేను కరుణమ్మనండి. నేను పోయానంటండి," అన్నారు ఆవిడ. గొంతులో ఏడుపూ లేదు, నవ్వూ లేదు.

జరిగిందేమిటంటే, పొద్దున్నే ఆవిడ పెద్దమ్మ కూతురి కుటుంబం ఆటోలో దిగింది. బస్సులోంచి బోర్డు చూశామని ఎవరో ఫోను చేశారట. తెల్ల చామంతుల దండ పట్టుకుని, వీధి మొదట్నుంచే ఏడుస్తూ వచ్చారు. ఈవిడ మెడలో టేపు వేసుకుని, ఎవరి ఇంట్లో ఏమైందోనని కంగారుగా బయటికి వచ్చారు. ఆ పెద్దమ్మ కూతురు దండతో సహా అరుగు మీద కూలబడిపోయిందట. ఆ గొడవ సద్దుమణగక ముందే పక్క ఊరి నుంచి, ముక్కలు వేరేవాళ్ల చేత పంపడమే తప్ప ఆవిడ్ని ఎప్పుడూ చూడని ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, ఇంటివాళ్లని ఎలా అడగాలో తెలియక మొహమాటపడుతూ, పోయినావిడ దగ్గర తమ జాకెట్టు ముక్కలు ఉండిపోయాయని చెప్పారు. చెప్పింది పోయినావిడకే. ఆవిడ ఆ ముక్కలు మడతపెట్టి ఇచ్చేశారు. కుట్టి ఇస్తానంటే వాళ్లు వద్దన్నారు. అన్నిటికన్నా ఆ వద్దనడమే కష్టంగా ఉందని ఆవిడ నాతో అన్నారు.

నేను డ్రైవరుని తొందరపెట్టి బయల్దేరాను. సెంటర్లో దిగి మొట్టమొదటిసారి ఆ ఫ్లెక్సీని జనంలో నిలబడి చూశాను. పక్క చట్రంలో నిజంగానే పోయిన ఒక పెద్దాయన శ్రద్ధాంజలి ఉంది. అదే ఆకాశం, అవే మబ్బులు, అదే కోడిగుడ్డు మొహం, ఎడమ పక్క జననం, కుడి పక్క మరణం. రాంబాబు తన దగ్గరున్న గౌరవమంతా వాడేశాడు, ఆ గౌరవం మా వైపు చనిపోయినవాళ్లకే చేస్తాం. పైగా మా ఎర్ర సిలువ. క్రైస్తవురాలి ఫోటో మీద సిలువ చూస్తే టీబీ గుర్తని ఎవరనుకుంటారు? "టీబీ నయమవుతుంది" అని కింద పెద్ద అక్షరాలతోనే ఉంది. అంతదాకా ఎవరూ వెళ్లలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే విప్పించాను. మిగతా ఊళ్లలోవి కూడా సాయంత్రానికి దించమని అందరు హెల్త్ ఎడ్యుకేటర్లకూ ఫోన్లు చేశాను.

ఆవిడ ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. ఇంక ఫోటోలూ వద్దు, మీరూ రావద్దు అని ఆవిడ మెల్లగానే చెప్పారు. ఆవిడ కోపంలో న్యాయం ఉంది. అప్పుడే కాలవ అవతలి ఊరి ఆశా కార్యకర్త నుంచి నాకు ఫోను వచ్చింది. సత్తిబాబు ఆ పొద్దున్నుంచి బిళ్లలు మానేశాడని చెప్పింది.

సత్తిబాబు రొయ్యల చెరువుల మీద మేత వేసే మనిషి. చికిత్సలో మూడో నెల నడుస్తోంది. మా పనిలో అదే ప్రమాదమైన కాలం. మొదటి రెండు నెలల్లో దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, జబ్బు పోయిందనిపిస్తుంది. లోపల క్రిములు ఇంకా ఉంటాయి. ఆ స్థితిలో మానేస్తే మిగిలిన క్రిములు మొండికెత్తి, ఆ మందులకు లొంగని టీబీ తయారవుతుంది. దానికి వేరే మందులు, ఎక్కువ కాలం, ఎక్కువ బాధ. ఇంట్లో అతని భార్య, చంటిబిడ్డ ఉన్నారు. కరుణమ్మ గారి టీబీ సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మానడానికి అతను చెప్పిన కారణం ఒక్కటే. కోర్సు పూర్తిచేసిన కరుణమ్మ గారే పోయారు, బోర్డు మీద మందులు మొదలెట్టిన తేదీ, పోయిన తేదీ కూడా వేశారు, ఇంక నాకెందుకు ఆ బిళ్లలు? ఆవిడ బతికే ఉందని ఆశా చెబితే, "బిళ్లలు మింగించడానికి మీరలాగే చెబుతారండి," అన్నాడట.

ఫోను స్పీకర్లో ఉంది. కరుణమ్మ గారు అంతా విన్నారు. కత్తెర పక్కన పెట్టి లేచారు. "నా మొహం చూసి ఒకడు మందులు మానేశాడా?" అన్నారు. రమ్మని నేను అడగలేదు. ఆవిడే చెప్పులేసుకుని జీపెక్కారు.

సత్తిబాబు చెరువు గట్టు మీద పాక నీడలో కూర్చుని ఉన్నాడు. జీపు ఆగగానే నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నా వెనక దిగిన మనిషిని చూసి లేచి నిలబడ్డాడు.

"మీరు... బోర్డు మీద ఆవిడేనాండి?"

"ఆయ్, ఆవిడినే," అన్నారు కరుణమ్మ గారు. "పట్టుకుని చూడు బాబూ, చెయ్యి వెచ్చగా ఉందో లేదో."

అతను పట్టుకోలేదు గానీ ఆవిడ చేతి వంకే చూశాడు. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్లు, బొటనవేలికి సుద్ద. ఆవిడ పాక నీడలో చతికిలబడి అతన్ని కూడా కూర్చోబెట్టి, తనకి మూడో నెలలో ఎలా ఉండేదో చెప్పడం మొదలెట్టారు. బిళ్లలకి మూత్రం ఎర్రగా వచ్చి భయపడ్డానని, బిళ్లల వాసనకే కడుపులో తిప్పేదని, ఒకరోజు చెత్తబుట్టలో పడేసి మళ్లీ ఏరుకున్నానని. నేను అన్నేళ్లలో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆ చెత్తబుట్ట ఎప్పుడూ లేదు. సత్తిబాబు వింటూ వింటూ నా వైపు తిరిగాడు.

"మరి మనిషి ఇలా గుండ్రాయిలా ఉంటే, కింద రెండు తేదీలెందుకేశారండి?"

తప్పు మాదేనన్నాను. జీపు చూసి గట్టు మీదికి వచ్చిన ఆశా కార్యకర్త సంచిలోంచి బిళ్లలు తీసి ఇచ్చింది. కరుణమ్మ గారి ఎదుటే మింగాడు. రెండు నెలలు నిండాక చేయాల్సిన కఫం పరీక్ష అతను ఇంకా చేయించుకోలేదు, నిబంధన ప్రకారం అదీ అప్పుడే పంపాం. ఫలితం వచ్చేదాకా డాక్టరు గారికీ నాకూ మనసు మనసులో లేదు. మొండి టీబీ కాదని వచ్చింది. ఆ కాగితం చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో కరుణమ్మ గారే మాట ఎత్తారు. బోర్డు మళ్లీ వేయమన్నారు. దించేసి ఊరుకుంటే పోయిందన్నమాటే మిగిలిపోతుందని ఆవిడ లెక్క. షరతు ఒకటే, అచ్చయ్యే ముందు తనకి చూపించాలి. నేను నా షరతు నాకే పెట్టుకున్నాను, ఈసారి చెయ్యి అడ్డం పెట్టకుండా ఏదీ అచ్చుకి వెళ్లదు.

చెరువు గట్టు మీద సత్తిబాబు చూసింది ఆవిడ చేతుల్ని. శ్రద్ధాంజలి ఫోటోల్లో చేతులుండవు, భుజాల దగ్గరే ఆగిపోతాయి. అందుకని ఈసారి నిండు మనిషిని తీశాం. మిషను ముందు కూర్చుని, కాలు పెడలు మీద, చేతులు గుడ్డ మీద, వెనక సున్నం గోడ. మబ్బుల్లేవు, పూలు లేవు, తేదీలు లేవు. ఎర్ర సిలువ గుర్తుని చిన్నది చేసి అడుగున శాఖ పేరు పక్కన పెట్టాం. నమూనా పట్టుకుని పాలకొల్లు బస్టాండుకి వెళ్లి, అక్షరాల మీద చెయ్యి పెట్టి అడిగాను. కూరగాయల సంచితో ఉన్న ఒకావిడ చూసి, "టైలరు షాపు ఓపెనింగాండి? ఎక్కడా?" అంది. మనిషి బతికింది గానీ జబ్బు మాయమైపోయింది.

రెండోసారి రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టాం. ఎడమ పక్క జబ్బులో ఉన్నప్పటిది, ఎవరి పెళ్లిలోనో తీసింది, చిక్కిపోయి ఉన్నారు. కుడి పక్క ఇప్పటిది. మళ్లీ బస్టాండు, మళ్లీ అరచెయ్యి. "అక్కాచెల్లెళ్లాండి?" అన్నాడు కండక్టరు. అడిగిన వాళ్లలో చాలామంది అదే మాటన్నారు. ముందు, తర్వాత అనేది మనం అలవాటు చేసుకున్న లెక్క. రెండు మొహాలు పక్కన పెడితే చూసేవాళ్లకి ఇద్దరు మనుషులే కనిపిస్తారు. రాంబాబు కూడా నాతో బస్టాండుకి వచ్చాడు. తన కంప్యూటరులో అంత పెద్ద ఫోటోషాపుండగా బస్టాండులో డిజైను దిద్దడం ఇదే మొదటిసారని నవ్వాడు. ఒకే మనిషని తెలియాలంటే చుట్టూ ఉన్నవన్నీ ఒకటే ఉండాలని ఇద్దరం తేల్చుకున్నాం. అదే చీర, అదే మిషను, అదే గోడ. ఎడమ పక్క మిషను మీద ముసుగు, పక్కన ఈవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. కుడి పక్క ముసుగు తీసిన మిషను, కుడుతున్న మనిషి.

కరుణమ్మ గారికి చీర సంగతి నచ్చలేదు. "ఆర్నెల్లు ఒకే చీరా అండి? నాకింకో చీర లేదనుకోరూ?" అన్నారు. ఒప్పించడానికి ఇద్దరం రెండు కాఫీలు తాగాల్సి వచ్చింది. ఎడమ పక్క ఫోటో కోసం ఆవిడ మిషను పక్కన చాప మీద కూర్చుని, కొంగు నోటికి పెట్టుకుని దగ్గారు. ఉత్తుత్తి దగ్గే. కానీ ఆ భుజాలు వంగిన తీరు, ఆ కళ్లు తలుపు వైపు చూసిన తీరు నటన కాదు. ఫోటో అయ్యాక ఆవిడే ముందు తేరుకుని, "త్వరగా రెండోది తీయండి, ఈ మొహంతో ఎక్కువసేపు ఉండలేను," అన్నారు.

మూడోసారి బస్టాండులో పళ్లబండి ఆవిడ బొమ్మ చూసి తన భాషలో పూర్తిగా చెప్పేసింది. దగ్గొచ్చి పని మానేసినావిడ, ఏదో చేయించుకుని మళ్లీ పనిలో పడింది, అంది. ఆ తర్వాత చెయ్యి తీసి అక్షరాలు చూపించాను. చేయించుకున్నదేమిటో అక్షరాలు చెప్పాయి. రెండు వారాలు దగ్గుంటే కఫం పరీక్ష, తేలితే ఆరు నెలలు బిళ్లలు. బొమ్మ ప్రశ్న పుట్టించాలి, మాట జవాబు చెప్పాలి. అప్పుడు కరుణమ్మ గారికి చూపించి, అచ్చుకి ఇచ్చాం.

ఆ ఫ్లెక్సీ కట్టాక ఆవిడకి కొత్త బెడద వచ్చింది. జనం బోర్డు చూసి జాకెట్లు కుట్టించుకోవడానికి రావడం మొదలెట్టారు. కొలతలిస్తూ, మా ఆయనకి కూడా దగ్గు తగ్గట్లేదండి అని మెల్లగా చెప్పేవాళ్లు. ఆవిడ టేపు మెడలో వేసుకుని వాళ్లని ఆశా కార్యకర్త దగ్గరికి పంపేవారు. పంపి ఊరుకోకుండా నాకు ఫోను చేసి, నేను పంపిన మనిషి వచ్చాడా లేదా అని ఆరా తీసేవారు. అంతకుముందు ముక్కలు వెనక్కి పట్టుకుపోయిన ఇద్దరూ కూడా తిరిగొచ్చారు. వాళ్లకి మాత్రం ఆలస్యంగా కుట్టి ఇచ్చానని చెప్పి కరుణమ్మ గారు నవ్వారు.

సత్తిబాబు కోర్సు పూర్తిచేశాడు. ఆఖరి పరీక్షలో ఏమీ లేదు. తన ఫోటో కూడా వేయమని అతనే వచ్చి అడిగాడు, చెరువులో దిగి మేత చల్లుతున్నట్టు తీయాలని, మొహం ఒక్కటీ కత్తిరించడానికి వీల్లేదని.

నేను రిటైరయ్యాక ఇప్పుడు అప్పుడప్పుడు కొత్తగా చేరిన ప్రచార సిబ్బందికి పాఠం చెప్పడానికి పిలుస్తుంటారు. రంగులూ కొలతలూ పుస్తకాల్లో దొరుకుతాయి కాబట్టి వాటితో మొదలుపెట్టను. ఏ ఊరి గోడ మీదైనా మన పోస్టరు కంటే ముందే బొమ్మలుంటాయి, ఆ ఊరి కళ్లు వాటితో చదవడం నేర్చుకుని ఉంటాయి, మనం వేసింది కూడా వాటి లెక్కలోనే చదువుతాయి అని చెబుతాను. ఆ చదువు ఏంటో ఆఫీసులో కూర్చుంటే తెలియదు, చెయ్యి అడ్డం పెట్టి అడిగితేనే తెలుస్తుంది. దీనికి వ్యవధి లేదని ఎవరైనా అంటే సత్తిబాబు సంగతి చెబుతాను.

క్లాసులో పక్కపక్కన పెట్టి చూపించడానికి ఆ మొదటి ఫ్లెక్సీ ఒకటి కావాలని కిందటి నెల కరుణమ్మ గారిని అడిగాను. దించినవన్నీ అప్పట్లో ఆవిడే పట్టుకుపోయారు. ఒకటి కోళ్లగూటి మీద కప్పారు, ఒకటి వానకి వంటపాక మీద వేశారు, తన మొహం కాకులు పొడవకుండా తిరగేసి వేశానన్నారు. ఒకటి మాత్రం చుట్టచుట్టి బీరువా మీద భద్రంగా ఉంది. అది ఇవ్వమంటే ఇవ్వలేదు.

"అది దాచుకున్నానండి," అన్నారు. "అంత బాగా మళ్లీ ఎవరేస్తారు? ఆ రెండు తేదీలూ మార్పించుకుంటే సరిపోద్ది. తొందరేం లేదులెండి."

అందుకని క్లాసులో నేను దాని ఫోటో మాత్రమే చూపిస్తున్నాను.